కళింగ స్టేడియానికి వెళ్తున్నారా? ముందు మధ్యాహ్నం భోజనం సంగతి చూసుకోండి

(పాఠకుల ప్రశ్నలకు మా క్రీడా శీర్షిక రచయిత, విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడి జవాబులు)

ప్రశ్న: హాకీ చూడటానికి ఇంటిల్లిపాదీ భువనేశ్వర్ వెళ్తున్నాం. రెండు రోజులుంటాం. మాలో ఇద్దరు శాకాహారులు. మా మామగారికి డెబ్బై ఏళ్లు, ఆయనకు కారం పడదు. స్టేడియం దగ్గర ఏం దొరుకుతుంది? ఊళ్లో ఎక్కడ తింటే బాగుంటుంది? ఒరియా తిండి మనకు పడుతుందా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: నిక్షేపంగా పడుతుందమ్మా. ఇచ్ఛాపురం దాటాక బోర్డుల మీద లిపి మారుతుంది గానీ వంటింటి వాసన అంతగా మారదు. మీ మామగారికైతే మన ఇంట్లో కంటే అక్కడే హాయి, వాళ్లు కారం తక్కువ తింటారు.

ముందు ఒక్క మాట గట్టిగా చెబుతాను. హాకీకి వెళ్లేవాళ్లు కడుపు నింపుకునే లోపలికి వెళ్లాలి. ఇది క్రికెట్ కాదు. ఆట మొత్తం అరవై నిమిషాలు, పదిహేనేసి నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు. మధ్యలో పెద్ద విరామం పది నిమిషాలు. మిగతా రెండు విరామాలూ రెండేసి నిమిషాలే. ఆ రెండు నిమిషాల్లో మీరు మెట్లు దిగేసరికే ఆట మొదలైపోతుంది.

ఇది నాకు అనుభవమే. 2018 ప్రపంచకప్‌లో, డిసెంబరు 13న మన జట్టు నెదర్లాండ్స్‌తో క్వార్టర్ ఫైనల్ ఆడింది. ఆ రోజు మా రైలు ఆలస్యమై మధ్యాహ్నం భోజనం లేకుండానే స్టేడియంలో కూర్చున్నాం. ఆకాశ్‌దీప్ గోల్ కొట్టాడు, వాళ్లూ ఒకటి కొట్టి సమం చేశారు. మూడో క్వార్టర్ అయ్యేసరికి 1-1. నా వెంట వచ్చిన పాత విద్యార్థి ఆకలికి నీరసపడిపోతున్నాడు. సరే అని ఇద్దరం టీ, సమోసాల కోసం కిందికి దిగాం. వరసలో ముందు ఇంకా ఏడెనిమిది మంది ఉన్నారు. పైనుంచి హోరు వినిపిస్తూనే ఉంది. ఉన్నట్టుండి ఆగిపోయింది. అన్ని వేల గొంతులు ఒక్కసారి మూగబోతే ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది. 50వ నిమిషంలో పెనాల్టీ కార్నర్, డచ్ వాళ్ల గోల్. 2-1తో ఓడిపోయాం. ఆ గోల్‌ను నేను చూడలేదు, విన్నాను. చేతిలో టీ గ్లాసు అలాగే చల్లారిపోయింది. అప్పట్నుంచి హాకీ రోజున మధ్యాహ్నం భోజనం మాననివ్వను, నా వెంట ఎవరొచ్చినా సరే.

ఆ భోజనానికి పాత ఊరికి వెళ్లండి. బిందుసాగర్ చెరువు గట్టున అనంత వాసుదేవ ఆలయం ఉంది, 13వ శతాబ్దపు గుడి. లింగరాజ ఆలయం చూసుకుని అక్కడి నుంచి నడిచి వెళ్లవచ్చు. ఆ గుడిలో కట్టెల పొయ్యి మీద మట్టికుండల్లో వండిన భోగాన్ని దేవుడికి నివేదించాక ఆవరణలోనే ఆనందబజార్‌లో అమ్ముతారు. నేల మీద కూర్చుని అరటాకులో తినాలి. అన్నం, దాల్మా, ఆకుకూర, 'ఖట్టా' అనే పులుపు-తీపి పచ్చడి, పాయసం. ఉల్లి, వెల్లుల్లి ఉండవు కాబట్టి మీ శాకాహారులు ఏదీ అడగక్కర్లేకుండా తినవచ్చు. కూర్చునే ముందు ఏది ఎంతో అడిగి తెలుసుకోండి. మామగారి మోకాళ్లకు నేల మీద కూర్చోవడం కష్టమైతే ఆకులోకి పొట్లం కట్టించుకుని గదికి తెచ్చుకోవచ్చు.

దాల్మా గురించి ఒక్క నిమిషం. పప్పులో గుమ్మడి, పచ్చి అరటి, బొప్పాయి, కంద ముక్కలు వేసి ఉడికిస్తారు. ఆపైన వేయించిన జీలకర్ర, ఎండుమిరప పొడి, కొబ్బరి కోరు. మన ముక్కల పులుసులోంచి చింతపండు తీసేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. కుండలో వండినదానికి అడుగున సన్నటి పొగ వాసన అంటుకుని ఉంటుంది. నేను ఒకటికి రెండుసార్లు అడిగి వేయించుకునేది ఆ అడుగుదే.

గుడి కుదరకపోతే ఊళ్లో ఒరియా భోజనం పెట్టే హోటళ్లున్నాయి. ఆ కూర పేరే పెట్టుకున్న 'దాల్మా', ఇంకా 'ఒడిశా హోటల్' చాలామందికి తెలిసినవి. మాంసాహారులు చేపల 'బేసర' అడగండి. అంటే ఆవ ముద్దతో వండిన కూర. పనసపొట్టులో ఆవ పెట్టుకునే ఇంటివాళ్లకు ఆ ఘాటు కొత్తేమీ కాదు. 'పఖాళ' కనిపిస్తే వదలకండి, అది మన చద్దన్నమే. కాకపోతే వాళ్లు దానికి ఇచ్చే మర్యాద చూసి నాకు ముచ్చటేసింది. పక్కన వేయించిన ఆకుకూర, చేప ముక్క, వడియాలను వెల్లుల్లి, పచ్చిమిర్చితో నలిపి చేసిన 'బడి చురా' పెట్టి పళ్లెం నిండుగా తెస్తారు. మనవాళ్లు చద్దన్నం తిన్నామని చెప్పుకోవడానికే మొహమాటపడతారు.

సాయంత్రం ఆటకు గంటన్నర ముందు దహీబరా-ఆలూదమ్ తినండి. కటక్ వాళ్లది ఈ తిండి, భువనేశ్వర్ వీధుల్లోనూ విరివిగా దొరుకుతుంది. సైకిల్‌కు అటొకటి ఇటొకటి గిన్నెలు కట్టుకుని వస్తారు. మన పెరుగు వడలా చిక్కటి పెరుగులో ఉండదు. పోపు పెట్టిన పల్చటి మజ్జిగలో నానిన వడల మీద వేడి బంగాళాదుంప కూర, బఠాణీల ఘుగుని, పైన ఉల్లిపాయ ముక్కలు, సన్న కారప్పూస చల్లి ఆకు దొప్పలో ఇస్తారు. చల్లన, వేడి ఒకే ముద్దలో తగులుతాయి. తిన్నాక దొప్ప పారేయకండి. చేయి చాపితే అందులోనే ఆ మజ్జిగ నీళ్లు పోస్తారు. నాకు అసలు రుచి ఆ నీళ్లలోనే ఉంటుంది. మామగారికి మాత్రం ఆలూదమ్ లేకుండా ఒట్టి వడలు పెట్టించండి.

తాగడానికి ఏముందంటారా? చలికాలమైతే టీ. లస్సీ మీద కొబ్బరి కోరు, రబ్డీ వేసి ఇస్తారు, అదొక్కటే ఒక పూట ఫలహారం, ఆటకు ముందు మాత్రం వద్దు, నిద్ర ముంచుకొస్తుంది. ఎండాకాలం వెళ్తే 'బేల పణా' తాగండి. మారేడు పండు గుజ్జును బెల్లం, విరిగిన పాల ముద్ద, కొబ్బరి, మిరియాలతో కలిపిన పానకం అది. ఏప్రిల్‌లో వాళ్ల సంవత్సరాదికి పణా సంక్రాంతి అని దాని పేరే పెట్టుకున్నారు. స్టేడియంలోకి సీసాలు, డబ్బాలు తీసుకెళ్లాలని చూడకండి, గేటు దగ్గర తనిఖీ ఉంటుంది. మామగారి మందులు మాత్రం చీటీతో సహా విడిగా చేతిలో పట్టుకోండి.

రెండో రోజు పొద్దున్న పహాళ వెళ్లిరండి. కటక్ దారిలో జాతీయ రహదారి పక్కన వరసగా రసగోలా దుకాణాలే. తెల్లటి గట్టి ఉండలు కావు ఇవి. కాస్త గోధుమ రంగులో, వేలితో నొక్కితే విడిపోయేంత మెత్తగా ఉంటాయి. వేడిగా ఉన్నప్పుడే తినాలి. ఒడిశా రసగోలాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంటికి తేవాలంటే రసం కారే రసగోలా కంటే ఛెనాపోడ నయం. విరిగిన పాల ముద్దను పంచదార, యాలకులతో కలిపి సాల ఆకుల్లో చుట్టి నిప్పుల మీద కాలుస్తారు. అంచులు మాడి, నల్లటి పాకం పట్టిన ముక్కే అడిగి తీసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి జూనియర్ టోర్నమెంట్ ఆడటానికి మొదటిసారి భువనేశ్వర్ వెళ్తున్నాడు. వాడు గోల్‌కీపర్. తిండి విషయంలో ఏం జాగ్రత్తలు చెప్పాలి?
– ఒక తండ్రి, అనంతపురం

జవాబు: పైన నేను రాసిన రుచులన్నీ మీ వాడికి టోర్నమెంట్ ముగిసే దాకా వద్దు. ఆట రోజున కొత్త తిండి ముట్టకూడదు, ఎంత మంచిదైనా సరే. పొట్ట దానికి అలవాటుపడి ఉండదు.

మ్యాచ్‌కు మూడు గంటల ముందు అన్నం, పప్పు, పెరుగు తినాలి. నూనె వంటకాలు పక్కన పెట్టాలి. దాల్మా, అన్నం ఇందుకు చక్కగా సరిపోతాయి, పిల్లలకు నేను పెట్టించిందీ అదే. గంట ముందు ఒక అరటిపండు. ఆడుతున్నప్పుడు మిగతా పిల్లలకు ఒక వెసులుబాటు ఉంది. హాకీలో ఆటగాళ్లను ఎప్పుడంటే అప్పుడు మార్చవచ్చు కనుక బెంచి దగ్గరికి వచ్చినప్పుడల్లా గుక్కెడు నీళ్లు తాగుతారు. గోల్‌కీపర్‌కు అది కుదరదు. ప్యాడ్లు, చెస్ట్ గార్డు, హెల్మెట్ మధ్య ఒళ్లంతా ఉడికిపోతుంది, చెమట బయటికి కూడా కనపడదు. అందుకని క్వార్టర్ అవగానే, దాహం వేసినా వేయకపోయినా, ఉప్పు, పంచదార కలిపిన నిమ్మరసం రెండు గుక్కలు తాగమని చెప్పండి. సీసా గోల్ వెనక పెట్టుకోనిస్తారేమో కోచ్‌ను అడగమనండి.

నీళ్లు కాచినవీ, మూత తీయని సీసావీ తప్ప వేరేవి వద్దు. నా జట్టులో ఒక పిల్లవాడు సెమీఫైనల్ ముందు రోజు రాత్రి బండి మీద ఐసు నీళ్లు తాగి, మర్నాడు గదిలోనే పడుకున్నాడు. తలుపు దగ్గర నిలబడి, స్టిక్ పట్టుకుని, "ఇప్పుడు బాగానే ఉంది సార్" అన్న వాడి ముఖం నాకింకా గుర్తుంది. ఆ రోజు వాణ్ని ఆడించలేకపోయాను.

ఆఖరి మ్యాచ్ అయ్యాక దహీబరా తినిపించండి. రెండు దొప్పలు.

ప్రశ్న: మేం నలుగురం స్నేహితులం రవుర్కెలా వెళ్తున్నాం. రాత్రి ఆట అయ్యాక భోజనం, ఒక బీరు దొరుకుతాయా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: దొరుకుతాయి. లైసెన్సు ఉన్న హోటళ్లలో బార్లున్నాయి. తాగాలనుకుంటే ఆట అయ్యాకే తాగండి, గది దాకా ఆటోలో వెళ్లండి. అక్కడి ఆదివాసుల హండియా గురించి మీరు వినే ఉంటారు. బియ్యంతో పులియబెట్టే ఆ పానీయం వాళ్ల పండగలకూ పూజలకూ సంబంధించింది. ఎవరైనా ఇంటికి పిలిచి ఇస్తే గౌరవంగా తీసుకోండి, వినోదానికని వెతుక్కుంటూ వెళ్లకండి. దిలీప్ తిర్కీ వంటి ఆటగాళ్లను మనకిచ్చిన సుందర్‌గఢ్ జిల్లా అది.

భోజనం విషయంలో చిక్కు ఒక్కటే. 2023లో తెరిచిన బిర్సా ముండా స్టేడియంలో ఇరవై వేలకు పైగా సీట్లున్నాయి. ఆట ముగియగానే అంతమందీ ఒకేసారి బయటపడతారు, ఆకలి కూడా అందరికీ ఒకేసారి వేస్తుంది. పొద్దున్నే మీ బస దగ్గరి హోటల్‌లో నాలుగు భోజనాలు చెప్పి ఉంచండి. ఎన్నింటికి కట్టేస్తారో కూడా అడగండి. ఆట షూటౌట్‌కు వెళ్తే ఇంకా ఆలస్యమవుతుందని, అన్నం ఉంచమని అప్పుడే చెప్పేయండి.