చేపల ఫారంలో టెక్నీషియన్ అవ్వాలంటే ఏ కోర్సు?

ప్రశ్న: బయాలజీ చదివి ఆపేశానండీ. చేపల పెంపకంలో టెక్నీషియన్‌గా స్థిరపడాలని ఉంది. కొన్ని నెలల సర్టిఫికెట్ కోర్సు చాలా, లేక డిప్లొమానే చేయాలా? లెక్కలంటే నాకు భయం, అది అడ్డొస్తుందా?

జవాబు: కోర్సు ఎన్ని నెలలు అన్నది తర్వాత, అందులో ఎన్ని తెల్లవారుజాములు మిమ్మల్ని చెరువు గట్టు మీద నిలబెడతారో ముందు అడగండి. నవ్వకండి, సీరియస్‌గానే చెప్తున్నా. పగలు ఎండకి నీళ్ళలోని ప్లాంక్టన్ (నీళ్ళని పచ్చగా చేసే సన్నటి నాచు లాంటిది) ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రయ్యేసరికి అదే ప్లాంక్టన్, చేపలు, అడుగున కుళ్ళే మేత అన్నీ కలిసి దాన్ని ఖర్చు పెట్టేస్తాయి, అందుకే పొద్దు పొడవకముందు ఆక్సిజన్ బాగా పడిపోయి ఉంటుంది. లీటరుకి 5 మిల్లీగ్రాముల పైన ఉంటే దిగుల్లేదు, 3 కిందకి వచ్చిందంటే చేప మేత మానేస్తుంది, ఇంకా తగ్గితే పైకొచ్చి నోరు తెరుస్తుంది. మధ్యాహ్నం మీటర్ పెట్టి 12 చూసి మురిసిపోతే మాత్రం దెబ్బతింటారు, అంత ఎక్కువ ఉందంటే ప్లాంక్టన్ బాగా చిక్కబడిందని అర్థం, రాత్రికి అదే ముంచుతుంది. వరసగా మబ్బు పట్టిన రోజులైతే ఏరియేటర్ల (నీళ్ళలోకి గాలి కలిపే మోటార్లు) దగ్గరే మీ కాపురం.

ఇక లెక్కలు. తప్పించుకోలేరు గానీ భయపడేంత ఏం లేదు. 5000 చేపలున్నాయి, వల వేసి కొన్నిటిని తూస్తే సగటున 200 గ్రాములు వచ్చింది, అంటే మొత్తం 1000 కిలోలు, రోజుకి బరువులో 3 శాతం మేత అనుకుంటే 30 కిలోలు. అదే తూకం సరిగ్గా చూడక 300 గ్రాములు అని రాస్తే 45 కిలోలు వేస్తారు, ఆ ఎక్కువైన 15 కిలోలు అడుగుకి పోయి కుళ్ళి అమ్మోనియా అవుతుంది, పీహెచ్ (నీళ్ళు ఆమ్లమా, క్షారమా చెప్పే కొలత), వేడి పెరిగేకొద్దీ ఆ అమ్మోనియా ఇంకా విషం. ఒక్క తూకం తప్పుకి మేత డబ్బులూ పోతాయి, నీళ్ళూ పాడవుతాయి.

చెరువుల మీద పనికి చిన్న కోర్సు, దాంతోపాటు ఫారంలో ఒక పంట మొదలు నుంచి పట్టుబడి దాకా ఉంటే చాలని నా అభిప్రాయం. హేచరీలో, అంటే చేపపిల్లల్ని పుట్టించే చోట, తల్లి చేపలకి హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చి గుడ్లు పెట్టించడం, మైక్రోస్కోప్ కింద మొప్పలు చూసి పరాన్నజీవుల్ని పట్టుకోవడం లాంటివి చేయాలనుంటే డిప్లొమాకి వెళ్ళండి, అవి హడావుడిగా వచ్చేవి కావు.

ఎక్కడ చేరినా మోటార్ పని కొంచెం నేర్చుకోండి, సిలబస్‌లో లేకపోయినా సరే. అర్ధరాత్రి ఏరియేటర్ ఆగితే మెకానిక్ వచ్చేదాకా చేపలు ఆగవు. తడి చేతుల్తో స్విచ్ బోర్డు మాత్రం ముట్టుకోకండి. ఈత కూడా వచ్చుండాలి.

చేరేముందు ఆ సంస్థ వాళ్ళ చెరువు రికార్డు పుస్తకం ఒకసారి చూపించమనండి. పొద్దున, సాయంత్రం ఆక్సిజన్, పీహెచ్, వేసిన మేత, చచ్చిన చేపలు రోజూ రాసుంటే చేరండి, అన్నీ ఒకే పెన్నుతో ఒకేరోజు కూర్చుని నింపినట్టుంటే ఇంకోటి వెతుక్కోండి.