ఇన్సులిన్‌కు ఎర్ర మూత సిరంజా, ఆరెంజ్ మూత సిరంజా?

ప్రశ్న: మా వార్డులో ఎర్ర మూత ఇన్సులిన్ సిరంజిలు అయిపోతే ఆరెంజ్ మూతవి వాడేస్తున్నారు. రెండింటి మీదా యూనిట్ల గీతలు ఉన్నాయిగా, ఏది వాడితే ఏం?
– బి.ఎస్సి. నర్సింగ్ రెండో సంవత్సరం విద్యార్థిని, ఖమ్మం

జవాబు: గీతలు రెండింటి మీదా ఉంటాయి గానీ వాటి విలువ వేరు. ఎర్ర మూతది ఎం.ఎల్.కు 40 యూనిట్లుండే ఇన్సులిన్ కోసం, ఆరెంజ్ మూతది 100 యూనిట్లుండే దాని కోసం. మన దగ్గర వయల్స్‌లో (మందు సీసాల్లో) వచ్చే రెగ్యులర్ (త్వరగా పనిచేసేది), ఎన్.పి.హెచ్. (నెమ్మదిగా పనిచేసేది), ఆ రెండూ కలిసిన 30/70 ఎక్కువగా 40వి. ఇన్సులిన్ పెన్‌లో పెట్టే కార్ట్రిడ్జ్‌లు, గ్లార్జిన్ (రోజంతా పనిచేసే ఇన్సులిన్) మామూలుగా 100వి. అలాగని పేరు చూసి ఊహించుకోవద్దు, వయల్ తిప్పి అంకె చదవండి.

ఆర్డరు 20 యూనిట్లు అనుకుందాం. 40 వయల్ నుంచి ఆరెంజ్ సిరంజితో 20 గీత దాకా లాగితే వచ్చేది 0.2 ఎం.ఎల్., అంటే 8 యూనిట్లే. 100 ఇన్సులిన్‌ను ఎర్ర సిరంజితో 20 గీత దాకా లాగితే 0.5 ఎం.ఎల్., అంటే 50 యూనిట్లు. రెండోదాని ప్రమాదం వెంటనే బయటపడుతుంది. మొదటిది అలా కాదు. షుగర్ తగ్గలేదని డాక్టరుగారు డోసు పెంచుతారు. తర్వాతి డ్యూటీ సిస్టర్ సరైన సిరంజితో ఆ పెంచిన డోసు ఇస్తారు. అర్ధరాత్రి షుగర్ పడిపోయి పేషెంటుకు చెమటలు పడతాయి.

40 ఇన్సులిన్ 20 యూనిట్లంటే 0.5 ఎం.ఎల్., కాబట్టి ఆరెంజ్ సిరంజిలో 50 గీత అని లెక్క కట్టొచ్చు. లెక్క తప్పు కాదు. కానీ దాన్ని వార్డు అలవాటుగా మార్చకండి. అలసిన చేతికి 20 అన్న ఆర్డరు చూసి 20 గీత దగ్గరే ఆగడం సహజం. ఇండెంట్ (స్టోరుకు సరుకు కోరే చీటీ) పెట్టి సరైన సిరంజి తెప్పించండి, లాగాక ఇంకో సిస్టర్‌కు వయల్, సిరంజి రెండూ చూపించండి. పెన్ కార్ట్రిడ్జ్ లోంచి సిరంజితో అసలు లాగొద్దు.

రెగ్యులర్ 6 యూనిట్లు, ఎన్.పి.హెచ్. 14 యూనిట్లు కలపాల్సి వస్తే ముందు ఎన్.పి.హెచ్. వయల్‌ను అరచేతుల మధ్య దొర్లించండి. కుదిపితే నురగ వస్తుంది, బుడగలు డోసును తినేస్తాయి. ఎన్.పి.హెచ్.లోకి 14 గీతల గాలి, రెగ్యులర్‌లోకి 6 గీతల గాలి ఎక్కించి, మొదట తేటగా ఉన్న రెగ్యులర్ లాగాలి, ఆ తర్వాతే మబ్బుగా ఉన్నది, మొత్తం 20 గీత వచ్చేదాకా. వరస మారితే ఎన్.పి.హెచ్.లోని ప్రోటమిన్ (ఇన్సులిన్ పనిని నెమ్మదింపజేసే ప్రోటీన్) రెగ్యులర్ వయల్‌లోకి చేరి దాని పనిని మందగింపజేస్తుంది. గ్లార్జిన్‌ను మాత్రం దేనితోనూ కలపకూడదు.

ప్రశ్న: పొటాషియం క్లోరైడ్‌ను నేరుగా నరంలోకి ఇవ్వొద్దంటారు. ఎక్కే డ్రిప్‌లో కలిపితే సరిపోతుందా?
– జి.ఎన్.ఎం. విద్యార్థి, ఏలూరు

జవాబు: సరిపోదు. పుష్ ఇస్తే, అంటే నేరుగా నరంలోకి నెడితే, గుండె లయ తప్పి ఆగిపోవచ్చు, ఆ సంగతి మీకు తెలిసిందే. వేలాడుతున్న బాటిల్‌లోకి ఎక్కించినా ఇంచుమించు అదే గండం. పొటాషియం ద్రావణం బరువైంది. అడుగుకు దిగి, గాఢంగా ముందు అదే లైన్‌లోకి వస్తుంది. అందుకే క్లాంప్ మూసి, బాటిల్‌ను స్టాండు మీంచి దించి, కలిపి, పది సార్లు తలకిందులు చేసి, మందు పేరు, మోతాదు, సమయం రాసిన లేబుల్ అతికించాకే మళ్లీ తగిలించాలి.

15 శాతం ఆంప్యూల్ 10 ఎం.ఎల్.లో 20 మిల్లీ ఈక్వివలెంట్ల (పొటాషియంను కొలిచే ప్రమాణం) పొటాషియం ఉంటుంది. 500 ఎం.ఎల్. సెలైన్‌లో ఒకటి కలిపితే లీటరుకు 40. చేతి నరానికి మామూలుగా అంతకు మించనివ్వరు. వేగం గంటకు 10 మిల్లీ ఈక్వివలెంట్లు దాటకూడదు, అంటే ఆ బాటిల్‌కు కనీసం రెండు గంటలు. ఎం.ఎల్.కు 20 చుక్కల సెట్‌తో నిమిషానికి 83 చుక్కలు పైహద్దు. నాలుగు గంటల్లో ఎక్కించమని రాస్తే నిమిషానికి 42 చుక్కలు. కలపడానికి ముందు మూత్రం ఎంత వస్తోందో చూడండి, రాకపోతే డాక్టరుగారికి చెప్పకుండా మొదలుపెట్టొద్దు.

ఇంకో మాట. ఈ ఆంప్యూల్‌ను డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూళ్ల ట్రేలో పెట్టడం చాలా చోట్ల కనిపిస్తుంది. రెండూ రంగులేనివే. వెంటనే వేరు చేయండి.

ప్రశ్న: పన్నెండు కిలోల బాబుకు ‘పారాసిటమాల్ 5 ఎం.ఎల్.’ అని మాత్రమే రాశారు. ఇవ్వొచ్చా?
– ఓ విద్యార్థిని, కర్నూలు

జవాబు: మిల్లీగ్రాములు అడగకుండా ఇవ్వకండి. సిరప్ 5 ఎం.ఎల్.కు 120 మి.గ్రా.ది ఉంది, 250ది ఉంది. డ్రాప్స్ అయితే చాలావరకు 1 ఎం.ఎల్.కే 100 మి.గ్రా. కిలోకు 15 చొప్పున ఈ బాబుకు 180 మి.గ్రా. కావాలి. అది మొదటిదానిలో 7.5 ఎం.ఎల్., రెండోదానిలో 3.6, డ్రాప్స్‌లో 1.8. రాసినట్టే డ్రాప్స్ 5 ఎం.ఎల్. పోస్తే 500 మి.గ్రా. అవుతుంది. ఇంట్లో ఏ మందు, ఎన్నింటికి వేశారో తల్లిని అడగండి. వేరే కంపెనీ పేరుతో ఇదే మందు అప్పటికే పడి ఉండొచ్చు. సిరప్‌ను ఇంజెక్షన్ సిరంజిలో లాగి ట్రేలో ఉంచొద్దు, ఎవరైనా కాన్యులాకు (నరంలో పెట్టిన గొట్టానికి) పెట్టేస్తారు.

ప్రశ్న: ఆర్.ఎల్. (రింగర్ లాక్టేట్ ద్రవం) ఎక్కుతుండగా అదే లైన్‌లో సెఫ్ట్రియాక్సోన్ యాంటీబయాటిక్ ఇవ్వొచ్చా?
– జి.ఎన్.ఎం. విద్యార్థిని, వరంగల్

జవాబు: వద్దు. ఆర్.ఎల్.లోని కాల్షియంతో కలిసి సన్నటి పలుకులు కట్టుతుంది. పెద్దవాళ్లకు ఆర్.ఎల్. ఆపి, నార్మల్ సెలైన్‌తో లైన్ కడిగి, మందు ఇచ్చి, మళ్లీ కడిగి కొనసాగించాలి. 28 రోజుల్లోపు పసికందుకు కాల్షియం ఉన్న ద్రవాలు నరం ద్వారా ఎక్కుతుంటే వేరే లైన్‌లో కూడా ఈ మందు వాడకూడదు. డాక్టరుగారికి చెప్పి ఇంకో యాంటీబయాటిక్ రాయించండి. కండకు వేసేందుకు లిగ్నోకైన్‌తో కలిపిన సెఫ్ట్రియాక్సోన్‌ను నరంలోకి ఎప్పుడూ ఎక్కించొద్దు.