రంగు కంటే ముందు చెమ్మ సంగతి: ఇల్లు అమ్మేవారి ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: 200 గజాల్లో 22 ఏళ్ల కింద కట్టిన స్లాబు ఇల్లు మాది. అమ్మేసి పిల్లల దగ్గరికి పోదామనుకుంటున్నాం. బెడ్రూం పైకప్పు పెచ్చులూడుతోంది. గోడల అడుగున సౌడు పొంగుతోంది. తాండూరు బండలు నల్లబడ్డాయి. లప్పం పెట్టించి మంచి రంగులేయిస్తే రేటు పెరుగుతుందని మేస్త్రీ అంటున్నాడు. లక్షన్నర దాకా పెట్టగలం. ఏం చేయించమంటారు?
– పాఠకుడు, నల్లగొండ

జవాబు: రంగు ఆఖరి పని. చెమ్మ మీద లప్పం పెడితే గోడలోని తడి ఆవిరై బయటికి రావాలని చూస్తుంది, లప్పం పొర దాన్ని ఆపుతుంది, ఒక్క వానాకాలం తిరిగేసరికి బుడగలు లేస్తాయి. పాత ఇల్లు కొనడానికి వచ్చేవాళ్లు తమ మేస్త్రీని వెంట తెచ్చుకుంటారు. కొత్త రంగు కనబడగానే అతను మొదట తట్టి చూసేది ఆ గోడనే.

ముందు నీళ్లు ఎక్కడి నుంచి దిగుతున్నాయో తేల్చండి. డాబా మీద వాన నీళ్ల గొట్టం మూతిని గుడ్డతో బిగించి, రెండించుల ఎత్తున నీళ్లు నిలిపి 24 గంటలు ఉంచండి. నింపే ముందే కింద పైకప్పుకున్న చెమ్మ మరక చుట్టూ పెన్సిలుతో గీత గీయండి. మర్నాడు మరక గీత దాటితే స్లాబు నుంచే కారుతున్నట్టు. దాటకపోతే ట్యాంకు పైపులనో, మీద బాత్‌రూం ఉంటే దాని నహానీనో (నీళ్లు బయటికి పోయే జాలీ) అనుమానించాలి. చాలా ఇళ్లలో నీళ్లు దిగేది మూడు చోట్ల: పిట్టగోడ స్లాబును కలిసే మూల, గొట్టం మూతి చుట్టూ, ట్యాంకు దిమ్మెల కింద.

పగుళ్లను అర ఇంచు వెడల్పున ‘వి’ ఆకారంలో చెక్కించి, దుమ్ము కడిగించి, పాలిమర్ కలిపిన సిమెంటుతో నింపించండి. పిట్టగోడ మూలను గుండ్రంగా సిమెంటు పట్టీ వేసి మూయించండి. ఆ తర్వాతే డాబా అంతా వాటర్‌ప్రూఫ్ కోటింగు. అది రెండు పూతలు పడాలి. మొదటిది నిలువుగా వేస్తే రెండోది అడ్డంగా వేయాలి. ఎంతసేపు ఆగాలో, ఎన్నాళ్లు తడపాలో డబ్బా మీదే రాసి ఉంటుంది, పనివాళ్లు తొందరపడి ఎగ్గొట్టేది ఆ గడువునే. కోటింగు ఆరాక మళ్లీ నీళ్లు నిలిపి చూడండి.

లోపల పైకప్పును చిన్న సుత్తితో తట్టండి. డొల్లగా మోగిన చోటల్లా పెచ్చు తీసేయించాలి. ఇనుము బయటపడితే తీగల బ్రష్‌తో తుప్పు రుద్ది, తుప్పు ఆపే పూత వేసి, అప్పుడు మాల్ (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) పెట్టాలి. గోడల అడుగున సౌడు వేరే కథ. నేలలోని తడి ఉప్పును మోసుకుని పైకి ఎక్కుతుంది. దాని మీద ఆయిల్ పెయింట్ వేస్తే బయటికి దారి లేక చెమ్మ ఇంకో అడుగు పైకి పోతుంది. గోడ మీది చెమ్మ మరక అంచుకు అడుగున్నర పై దాకా ప్లాస్టరింగు కొట్టేయించి, ఆరనిచ్చి, కొత్తది చేయించండి.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి అడుగు చదరం పాలిథిన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు గట్టిగా అంటించి ఒక రోజు వదిలేయండి. లోపలి వైపు నీటి చెమట పడితే లప్పానికి ఇంకా వేళ కాలేదు. ఎండాకాలంలోనైనా రెండు మూడు వారాలు పడుతుంది.

బండలకు యాసిడ్ మాత్రం తాకనివ్వొద్దు. తాండూరు బండ సున్నపురాయి జాతి. యాసిడ్ పడితే నురగలు కక్కి, నునుపు పోయి, ఇంకా ఎక్కువ మురికి పట్టుకుంటుంది. సబ్బునీళ్లతో కొబ్బరిపీచు పెట్టి రుద్దించి, చాలకపోతే మిషన్ పాలిష్ చేయించండి. నల్లాల మీది తెల్ల పొరకు నిమ్మ ఉప్పు చాలు. లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాలు కలిపి, గుడ్డ తడిపి అరగంట చుట్టి ఉంచండి. ఆ నీళ్లూ బండల మీద పడకూడదు.

మీ లక్షన్నరలో పెద్ద భాగం డాబాకే పోనివ్వండి. మిగిలిన దాంట్లో కారే నల్లాలు, బిగుసుకున్న తలుపులు, వెలగని లైట్లు సరిచేయించి, ఇల్లంతా ఒకే లేత రంగు వేయించండి. రెండు పూతలకు లీటరు ఎమల్షన్ 50–60 చదరపు అడుగులు వస్తుంది, ఆ లెక్కన తెప్పించుకోండి. ఫాల్స్ సీలింగు, కొత్త కిచెన్ వద్దు. కొనేవాళ్లు వాళ్ల ఇష్టప్రకారం మార్చుకుంటారు, మీరు పెట్టింది తిరిగిరాదు. చెమ్మ పూర్తిగా పోకపోతే ఆ మాట చెప్పి అమ్మండి. మామూలుగా చూస్తే కనబడని లోపం అమ్మేవారికి తెలిస్తే చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టమే అంటోంది.

ప్రశ్న: ఇల్లు చూడటానికి వచ్చిన ప్రతి ఒక్కరూ ‘ఫ్లోరైడ్ ఉందా’ అనే అడుగుతున్నారు. మా బోరు నీళ్లు తియ్యగానే ఉంటాయి. ఏం చెప్పాలి?
– పాఠకురాలు, చండూరు

జవాబు: ఫ్లోరైడ్ రుచికి తెలియదు, తియ్యగా ఉన్నాయన్న మాట ఎవరినీ ఒప్పించదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు జనం ఈ నీళ్ల వల్ల ఎంత బాధపడ్డారో కొనేవాళ్లకు తెలుసు, అడగడం వాళ్ల తప్పు కాదు. బోరు నీళ్లను ల్యాబులో పరీక్ష చేయించి కాగితం చేతిలో పెట్టండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది. వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. ఎక్కువ వస్తే దాచకుండా ‘బోరు వాడుకకే, తాగడానికి మిషన్ భగీరథ (ప్రభుత్వ నల్లా) నీళ్లు’ అని చెప్పి, నల్లా కనెక్షనూ, నీళ్లు వచ్చే వేళా చూపించండి. మరిగిస్తే పోతుందని మాత్రం ఎవరికీ చెప్పకండి. నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది.

ప్రశ్న: ఇల్లు మా నాయన స్వార్జితం, ఆయన పేరు మీదే ఉంది. వీలునామా రాయకుండా పోయారు. అమ్మ, నేను, ఇద్దరు చెల్లెళ్లు ఉన్నాం. చెల్లెళ్లకు పెళ్లిళ్లప్పుడే పసుపు కుంకుమల కింద ఇవ్వాల్సింది ఇచ్చేశాం. నేనూ అమ్మా సంతకం పెడితే సరిపోతుందా?
– పాఠకుడు, దేవరకొండ

జవాబు: సరిపోదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ ఇంట్లో మీ నలుగురికీ సమాన వాటాలు. మీ నాయనమ్మ బతికి ఉంటే ఆమెకూ ఒక వాటా. పెళ్లిలో ఇచ్చిన బంగారం, కట్నం వాటాకు బదులు కావు. చెల్లెళ్లు ఇష్టపడి వదులుకుంటే రిజిస్టరు చేసిన రిలీజ్ డీడ్ ఉండాలి. తెల్ల కాగితం మీది సంతకం చెల్లదు. మీసేవలో దరఖాస్తు పెట్టి తహసీల్దారు నుంచి కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తీసుకోండి. సేల్ డీడ్ మీద అందరూ సంతకం చేయడమే అన్నిటికంటే శుభ్రమైన దారి. డబ్బు ఎవరి వాటా వాళ్ల ఖాతాలో పడుతుంది, రేపు మాట పడాల్సిన అవసరం ఉండదు. వారసుల్లో మైనరు పిల్లలుంటే కోర్టు అనుమతి లేకుండా వాళ్ల వాటా అమ్మలేరు. దానికి నెలలు పడుతుంది, బయానా పట్టుకునే ముందే మొదలుపెట్టండి.

ప్రశ్న: హోంలోన్ ఇంకా 9 లక్షలుంది. తీర్చకుండా అమ్మొచ్చా?
– పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: అమ్మొచ్చు. బ్యాంకు నుంచి ఫలానా తేదీకి ఎంత కడితే లోన్ మూస్తారో తెలిపే ఉత్తరం, వాళ్ల దగ్గరున్న కాగితాల జాబితా తెచ్చుకోండి. కొనేవారి డబ్బులోంచి ఆ మొత్తం నేరుగా మీ లోన్ ఖాతాకే వెళ్లేలా అగ్రిమెంటులో రాయించండి. అందరూ మరిచిపోయే సంగతి ఒకటుంది. లోన్ తీరినా, తనఖా రిజిస్టరై ఉంటే దాని విడుదలను కూడా రిజిస్టరు చేయించే దాకా ఈసీలో (ఆస్తి మీది రిజిస్ట్రేషన్లు, తనఖాలు చూపే సర్టిఫికెట్) బ్యాంకు పేరు అలాగే కనబడుతుంది. లోన్ తీరాక 30 రోజుల్లో ఒరిజినల్ కాగితాలు తిరిగివ్వాలి, తమ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలి అని రిజర్వ్ బ్యాంకు నిబంధన. 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది.

ప్రశ్న: రేటు ఎంత చెప్పాలో తేలడం లేదు. పైగా వచ్చిన ఒకాయన ‘గవర్నమెంటు వాల్యూకు రిజిస్ట్రేషన్, మిగతాది నగదు’ అంటున్నాడు. ఒప్పుకోవచ్చా?
– పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: రేటు సంగతి ముందు. జాగా, కట్టడం విడివిడిగా లెక్కేయండి. మీ వీధిలో, అంతే వెడల్పు రోడ్డు మీద, ఈ మధ్య నిజంగా అమ్ముడైన జాగా ధర తీసుకోండి. ఎవరో చెబుతున్న ధర కాదు, చేతులు మారిన ధర. ఉదాహరణకు గజం 20,000 అనుకుంటే 200 గజాలకు 40 లక్షలు. కట్టడం 1,200 చదరపు అడుగులు, ఈరోజు అలాంటిది కట్టడానికి అడుగుకు 1,800 అనుకుంటే 21.6 లక్షలు. 60 ఏళ్ల ఆయుష్షులో 20 గడిచాయనుకుని మూడో వంతు తీసేస్తే 14.4. మొత్తం 54.4 లక్షలు. బేరానికి 5 శాతం పెట్టుకోండి, అంతకు మించితే చూడటానికే రారు. కొనేవారికి రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా ఉందని గుర్తుంచుకోండి. 2021 జూలై సవరణతో మున్సిపాలిటీలో అది 7.5 శాతమైంది.

ఇక నగదు. ఒప్పుకోవద్దు. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, ఆపైన నగదుగా పుచ్చుకోకూడదు, బయానాతో సహా. పట్టుబడితే పుచ్చుకున్నంతా జరిమానాగా పోవచ్చు, అది పడేది తీసుకున్న మీకే. గొడవ వస్తే ఆ డబ్బు ముట్టిందనీ ముట్టలేదనీ చూపించడానికి కాగితం ఉండదు. 50 లక్షలు, ఆపైన అయితే కొనేవారు 1 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) పట్టి మీ పాన్ మీద కడతారు, రిటర్నులో చూపించుకోండి.

నగదు వైపు మొగ్గేది ఎక్కువగా పన్ను భయంతోనే. ఆ భయంలో సగం తెలియకపోవడం. 24 నెలలు దాటిన ఇంటికి లాభం మీదే పన్ను, అమ్మిన మొత్తం మీద కాదు. 2024 జూలై 23కు ముందు కొన్నదైతే 12.5 శాతమో, ద్రవ్యోల్బణం లెక్క కట్టి 20 శాతమో, ఏది తక్కువైతే అది. రెండేళ్లలో ఇంకో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా, అందులో పెట్టిన మేరకు లాభం మీద పన్ను మినహాయింపు ఉంది.

ప్రశ్న: ఎప్పుడు అమ్మకానికి పెట్టాలి? ప్రకటనలో ఏం రాయాలి?
– పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: వడ్లు అమ్మిన డబ్బు చేతికొచ్చే రోజుల్లో, అంటే దసరా దాటాకా, యాసంగి కోతల తర్వాతా, మన దిక్కు బేరాలు కదులుతాయి. ఆషాఢం, పితృపక్షాలు, పుష్యం, మూఢాల్లో మాట్లాడతారు గానీ బయానా ఇవ్వరు. ఆ రోజులను రిపేర్లకూ కాగితాలకూ వాడుకోండి.

ఫొటోలు పది చాలు. పొద్దున ఎండ పడే వేళ, కిటికీలు తెరిచి, గది మూలలో నిలబడి, ఛాతీ ఎత్తున ఫోన్ అడ్డంగా పట్టుకుని తీయండి. ఉతికిన బట్టలు, గోడ క్యాలెండర్లు, మందుల సీసాలు తీసేయండి. వంటిల్లు, బాత్‌రూం, డాబా, ఇంటి ముందు రోడ్డు తప్పకుండా ఉండాలి. ఇవి లేకపోతే ఏదో దాస్తున్నారనుకుంటారు. ప్రకటనలో గజాలు, ఏ దిక్కు ముఖం, రోడ్డు ఎన్ని అడుగులు, ఎప్పుడు కట్టింది, ఏ నీళ్లు, బ్యాంకు లోన్ వస్తుందా, ధర ఎంత – ఇవి రాయండి. ‘వాస్తు ప్రకారం’ అని ఊరికే రాయకుండా వంటిల్లు, బాత్‌రూం ఏ మూలనున్నాయో చెప్పండి, పట్టింపు ఉన్నవాళ్లు వాళ్లే తేల్చుకుంటారు. డాక్యుమెంట్లు, ఆధార్, పాన్ ఫొటోలు ప్రకటనలోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ పెట్టొద్దు. ఇల్లు స్వయంగా చూసి, ధర దగ్గరికి వచ్చినవారికి ఈసీ, లింకు డాక్యుమెంట్ల (ఇల్లు ఇంతకుముందు చేతులు మారిన పాత కాగితాలు) జిరాక్సులు ఇవ్వండి. ఒరిజినల్స్ మీ ఎదుట చూసుకోవడానికే, రిజిస్ట్రేషన్ రోజు దాకా చేతికి ఇవ్వకండి.