ఫార్మాట్ కొట్టించకండి, టీచర్‌గారూ

ప్రశ్న: మేడమ్, నేను రిటైరైన లెక్కల టీచర్‌ని. నల్లకుంటలో మా ఇంట్లోనే పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెబుతున్నాను. ఆరేళ్లుగా తయారు చేసుకున్న ప్రశ్నపత్రాలన్నీ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. మా అల్లుడు అందులో విండోస్‌కి బదులు ఉబుంటు 22.04 అనే లినక్స్ సిస్టమ్ వేసిచ్చాడు. పోయిన ఆదివారం మనవడు స్కానర్ పని చేయించాలని టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైపు చేసే కిటికీలో, ఏదో కమాండ్ కొట్టాడు. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాక, ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించబోయినా నా పేరు 'సుడోయర్స్ ఫైల్‌లో లేదు' అంటోంది. సరిచేస్తానని వాడే ఇంకేదో చేశాడు. ఇప్పుడు లాగిన్ పాస్‌వర్డే తీసుకోవడం లేదు. షాపులో చూపిస్తే ఫార్మాట్ కొట్టాల్సిందే, ఫైళ్లు పోతాయి అన్నారు. రెండు రోజులుగా నిద్ర లేదు. వేరే దారి ఉందా?

జవాబు: ఉంది. కంప్యూటర్ షాపులోనే ఉంటే ముందు ఇంటికి తెచ్చేసుకోండి. పాస్‌వర్డ్ ఉండే చోటు వేరు, మీ ఫైళ్లు ఉండే చోటు వేరు. బీరువా తాళంచెవి పోతే తాళం మార్పిస్తాం గానీ లోపలి చీరలు పారేయం కదా. చూడకుండానే ఫార్మాట్ అనేసేవాళ్లంటే నాకు చాలా కోపం. ఆరేళ్ల కష్టం అది.

ఒక చిన్న అనుమానం తీర్చుకుని మొదలుపెడదాం. మీరు తెలుగులో కూడా టైపు చేస్తుంటారా? కీబోర్డు తెలుగులో ఉండిపోతే పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టినా తప్పే అవుతుంది, తెర మీద చుక్కలే కనిపిస్తాయి కాబట్టి మనకు తెలియదు. లాగిన్ తెర పై భాగంలో కుడి మూలన భాష గుర్తు ఉంటే దాన్ని ఇంగ్లీషుకు మార్చండి. పాస్‌వర్డ్ గడి పక్కన కన్ను బొమ్మ నొక్కితే మీరు కొట్టింది కనిపిస్తుంది. క్యాప్స్ లాక్ కూడా చూసుకోండి. మా విద్యానగర్‌లో ఇలా నా దగ్గరికి వచ్చిన కంప్యూటర్లలో కొన్ని ఇక్కడే బాగైపోయాయి.

అప్పటికీ రాకపోతే రికవరీ మోడ్‌లోకి, అంటే మరమ్మతు కోసం ఉంచిన దారిలోకి, వెళ్లాలి. కంప్యూటర్ ఆన్ చేసి, కంపెనీ బొమ్మ కనిపించగానే ఎస్కేప్ మీట ఒక్కసారి నొక్కండి. పాత కంప్యూటరైతే షిఫ్ట్ మీట నొక్కి పట్టుకోవాలి. నల్లటి తెర మీద గ్రబ్ మెనూ, అంటే కంప్యూటర్ ఎలా మొదలవ్వాలో ఎంచుకునే పట్టిక, వస్తుంది. ఎస్కేప్ పదే పదే నొక్కితే మెనూకి బదులు 'గ్రబ్' అనే మాట పక్కన కర్సర్ మెరుస్తూ ఉంటుంది, కంగారు పడకుండా ఆపి మళ్లీ వేయండి. మెనూలో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్', అందులో చివర 'రికవరీ మోడ్' అని ఉన్న వరస ఎంచుకోండి. కాసేపు అక్షరాలు పరుగెత్తి ఇంకో మెనూ వస్తుంది. అందులో 'రూట్' అన్నదాని మీదికి వెళ్లి ఎంటర్ కొట్టండి, అడిగితే మళ్లీ ఎంటర్. ఉబుంటు 2004లో మొదటిసారి వచ్చినప్పటి నుంచీ రూట్ ఖాతాకు, అంటే అన్ని అధికారాలూ ఉన్న ఖాతాకు, తాళం వేసే ఇస్తుంది. మీ అల్లుడుగారు దానికి విడిగా పాస్‌వర్డ్ పెట్టి ఉంటే తప్ప ఇక్కడ ఏమీ అడగదు.

ఇక్కడి నుంచి ఫోన్లో చెప్పినట్టు చెబుతాను. మీ మనవడిని పక్కన కూర్చోబెట్టుకుని చదివించండి, మీరు కొట్టండి. అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలే, పెద్దది కావాల్సిన చోట నేను చెబుతాను. మొదట డిస్క్ మీద రాయడానికి అనుమతి తెచ్చుకోవాలి, ఎందుకంటే ఈ మోడ్‌లో అది చదవడానికే తెరుచుకుని ఉంటుంది. 'మౌంట్' అని కొట్టి, స్పేస్, హైఫన్ ఓ, స్పేస్, 'రీమౌంట్' కామా 'ఆర్‌డబ్ల్యూ', స్పేస్, స్లాష్. కామాకి అటూ ఇటూ ఖాళీ వద్దు. ఎంటర్. ఏమీ చెప్పకుండా కింద కొత్త వరస వచ్చిందంటే పని అయినట్టే.

మీ ఖాతా పేరు గుర్తు లేకపోతే ఎల్-ఎస్, స్పేస్, స్లాష్ 'హోమ్' స్లాష్ కొట్టండి, కనిపిస్తుంది. ఇప్పుడు పి-ఏ-ఎస్-ఎస్-డబ్ల్యూ-డి, స్పేస్, ఆ పేరు. కొత్త పాస్‌వర్డ్ రెండుసార్లు అడుగుతుంది. కొడుతుంటే చుక్కలు కూడా పడవు. కీబోర్డు పని చేయడం లేదనుకుని ఆపేయకండి, కొట్టి ఎంటర్ చేయండి. ఇక్కడ ఒక సలహా. మీ పాత పాస్‌వర్డ్ బాగా గుర్తుంటే మళ్లీ అదే పెట్టండి. బ్రౌజర్‌లో, వైఫైలో దాచుకున్న పాస్‌వర్డ్‌లు కొన్ని 'కీరింగ్' అనే చిన్న పెట్టెలో ఉంటాయి. దాని తాళం పాత పాస్‌వర్డే. కొత్తది పెడితే లాగిన్ అవుతుంది గానీ, ఆ పెట్టె తెరవమని మాటిమాటికీ అడుగుతుంది.

ఇక సుడో సంగతి, అసలు ముడి ఇక్కడే ఉంది. ఉబుంటులో 'సుడో' అనే గ్రూపులో పేరున్న వాళ్లకే అడ్మిన్ అధికారం. మీ మనవడు మిమ్మల్ని 'స్కానర్' గ్రూపులో చేర్చబోయి ఉంటాడని నా నమ్మకం. 'యూజర్‌మాడ్' కమాండ్‌కి హైఫన్, చిన్న ఏ, పెద్ద జీ కలిపి ఇవ్వాలి. ఆ చిన్న ఏ అంటే 'ఉన్నవాటికి తోడుగా' అని. అది వదిలేసి పెద్ద జీ ఒక్కటే ఇస్తే, అదనంగా ఉన్న గ్రూపులన్నీ తీసేసి కొత్తది ఒక్కటే ఉంచుతుంది. ఆ మార్పు మళ్లీ లాగిన్ అయ్యాకే తెలుస్తుంది, అందుకే మీకు ఆపి వేశాక బయటపడింది. 2018లో నేనూ ఇదే తప్పు చేశాను. అర్ధరాత్రి, తెల్లారితే పిల్లలకు క్లాసు. అప్పుడు కాగితం మీద రాసుకున్న వరసే మీకు చెబుతున్నది.

కాబట్టి యు-ఎస్-ఇ-ఆర్-ఎమ్-ఓ-డి, స్పేస్, హైఫన్ చిన్న ఏ పెద్ద జీ, స్పేస్, ఎస్-యు-డి-ఓ కామా ఏ-డి-ఎమ్ కామా ఎల్-పి-ఏ-డి-ఎమ్-ఐ-ఎన్, స్పేస్, మీ ఖాతా పేరు. ఎంటర్. చివరిది ప్రింటర్ సెట్టింగులు మార్చే గ్రూపు, అదీ పోయే ఉంటుంది. ఇప్పుడు 'గ్రూప్స్' అని కొట్టి, స్పేస్ ఇచ్చి మీ పేరు కొడితే వరసలో సుడో కనిపించాలి. కనిపించిందా, 'రీబూట్' అని కొట్టేయండి.

ఉబుంటు లాంటిదే ఇంకో లినక్స్ అయిన ఫెడోరా వాడే పాఠకులకు ఒక మాట: అక్కడ అడ్మిన్ గ్రూపు పేరు 'వీల్', లోపలికి వెళ్లే పద్ధతి కూడా వేరు. అది ఇంకోసారి.

టీచర్‌గారూ, మీరు ఇంత సులువుగా లోపలికి వెళ్లగలిగారంటే, కంప్యూటర్ ఎత్తుకెళ్లినవాడూ వెళ్లగలడు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే పాస్‌వర్డ్ లేనిదే ఫైళ్లు చదవలేకుండా చేసే ఏర్పాటు, పెట్టుకుంటే ఆ భయం ఉండదు. కానీ ఆ పాస్‌వర్డ్ మరిచిపోతే నేను చెప్పిన ఏ కిటుకూ పనికిరాదు, ఫైళ్లు నిజంగానే పోతాయి. మీకైతే అంతకంటే ముందు ప్రశ్నపత్రాల ఫోల్డర్‌ని ఈ రోజే ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోమంటాను.

మనవడిని తిట్టకండి. వాడు ఎంచుకున్న దారి సరైనదే, ఒక్క అక్షరం తప్పింది. స్కానర్ వెనక స్టిక్కర్ మీద ఉన్న మోడల్ నంబరు వాడి చేతే రాయించి పంపండి, దాన్నీ పని చేయిద్దాం.