2005 ప్రాంతంలో అమెరికాలో కంపెనీలు, ప్రభుత్వం, నాయకులు అంత తొందరగా, ఇంటర్నెట్‌లో పెట్టిన మాటల రికార్డును ఎవరికి వీలైనప్పుడు వాళ్లు దింపుకుని వినే ఈ పాడ్‌కాస్ట్‌ని ఎందుకు పట్టుకున్నారు? మన జిల్లాల్లో అది ఎందుకు అంటుకోలేదు?

అంటుకోలేదని ఎవరన్నారు? పేరు వేరు కావచ్చు గానీ, 2006లో కల్వకుర్తి దగ్గర ఒక ఎరువుల దుకాణం ముందు నేను చూసింది అచ్చంగా అదే.

అప్పుడు నేను ఒక విత్తనాల కంపెనీలో ఫీల్డు ఉద్యోగిని. మాది పాలమూరు జిల్లానే, ఊళ్లు తిరగడమే పని. అమెరికాలో అప్పటికే ఈ గాలి గట్టిగా వీస్తోంది. పాడ్‌కాస్టింగ్ అనే మాట పుట్టిందే 2004 ఫిబ్రవరిలో, గార్డియన్ పత్రికలో బెన్ హామర్‌స్లీ రాసిన వ్యాసంలో. 2005 జూన్‌లో యాపిల్ వాళ్లు తమ పాటల సాఫ్ట్‌వేర్ ఐట్యూన్స్‌లో పాడ్‌కాస్టులు పెడితే రెండు రోజుల్లో 10 లక్షల సబ్‌స్క్రిప్షన్లు వచ్చాయి. జనరల్ మోటార్స్ తన కార్ల గురించి చెప్పుకుంది. వైట్‌హౌస్ బుష్‌గారి వారం వారం రేడియో ప్రసంగాన్ని అందులో పెట్టింది. 2004లో ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడిన జాన్ ఎడ్వర్డ్స్ మరుసటి ఏడే సొంతంగా మొదలుపెట్టాడు. లైసెన్స్ అక్కర్లేదు, మధ్యలో విలేకరి లేడు, ఖర్చు ఒక మైకు. అందుకే పట్టుకున్నారు, ఇందులో పెద్ద రహస్యం లేదు.

మా ఆఫీసులో కూడా ఎవరో ఇది విని, రైతుల కోసం మనమూ చేద్దామన్నారు. పల్లెలో ఇంటర్నెట్ ఎక్కడిది? కాబట్టి క్యాసెట్లు. ఏసీ గదిలో ఒక శాస్త్రవేత్తతో ఆముదం పంట గురించి చదివించి, 200 క్యాసెట్లు కొట్టించి నా జీపులో వేశారు.

ఆగస్టు నెల. చెల్కల్లో ఆముదానికి దాసరి పురుగు పట్టి ఆకులన్నీ జల్లెడలైన రోజులు. దుకాణం ముందు డీఏపీ బస్తాల మీద పది మంది రైతులు కూర్చున్నారు. టూ ఇన్ వన్‌లో క్యాసెట్ పెట్టాను. "పొలమందు పక్షి స్థావరములను ఏర్పాటు చేసుకొనవలెను" అని వస్తోంది. రెండు నిమిషాలు విని ఒక పెద్దాయన తువ్వాల దులుపుకుని లేచాడు. "గీ రేడియో వార్తలు మాకెందుకు సారూ" అన్నాడు. పక్కనున్న కుర్రాడు స్థావరాలంటే ఏందని అడిగితే ఆయనే చెప్పాడు: "చేన్ల అక్కడక్కడ మండలు పాతాలె రా. పిట్టలొచ్చి వాల్తయి. పురుగును అవే ఏరుకుంటయి. మందుకు పైసలు ఎందుకు పెడ్తవ్?"

నాకు ఒళ్లు ఝల్లుమంది. అదే క్యాసెట్ తిప్పి రెండో వైపు పెట్టి, ఎర్ర బటన్, ప్లే బటన్ రెండూ కలిపి నొక్కి, "పెద్దయ్యా, ఇంకోసారి చెప్పు" అన్నాను. మండలు ఎంత ఎత్తుండాలో, వేపగింజల కషాయం ఎప్పుడు కొట్టాలో మూడున్నర నిమిషాలు చెప్పాడు. వెనకాల ఎడ్ల గంటలు, ఎవరో చాయ్ అడుగుతున్న గొంతు, అన్నీ పడ్డాయి.

వారం తర్వాత మళ్లీ వెళితే దుకాణదారు అదే వేస్తున్నాడు, వచ్చిన రైతులు నిలబడి వింటున్నారు. పక్క ఊరి వాళ్లు ఖాళీ క్యాసెట్ తెచ్చుకుని ఎక్కించుకుపోయారు. సబ్‌స్క్రిప్షన్ అంటే ఇంకేమిటి?

ఆఫీసులో వినిపిస్తే క్వాలిటీ లేదన్నారు. అసలు బాధ క్వాలిటీ కాదు. మందు కొనవద్దని చెప్పే గొంతును ఏ కంపెనీ పంచుతుంది? ఆ ఏడాదే నేను ఉద్యోగం మానేశాను.

ప్రభుత్వాలదీ ఇదే తీరు. రేడియో ప్రసారాలు సాగే గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అయినా ఊరి సంఘాలు రేడియో పెట్టుకునే అనుమతి 2006 చివరిదాకా ఇవ్వలేదు. జహీరాబాద్ పక్కన మాచునూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008లో మొదలైంది. వాళ్ల యాసలో వాళ్ల విత్తనాల గురించి వాళ్లే మాట్లాడుకుంటారు. మన పాలమూరుకూ నల్లగొండకూ ఊరికొకటి రావాల్సింది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగిన మనిషి గొంతు ఒక్కటి ఢిల్లీ దాకా నేరుగా పోయే దారి ఆనాడే ఉండి ఉంటే, మంచినీళ్లు రావడానికి అన్నేళ్లు పట్టేది కాదని నా గట్టి నమ్మకం. 2014 అక్టోబరు నుంచి ప్రధాని ప్రతి నెలా మన్ కీ బాత్‌లో మాట్లాడుతున్నారు, మంచిదే. కానీ పైనుంచి కిందికి మాట ఎప్పుడూ వస్తూనే ఉంది. కింది నుంచి పైకి పోయేదేది? ఎన్నికలప్పుడు ఫోన్ ఎత్తగానే "నమస్కారం, నేను మీ..." అని మొదలయ్యే రికార్డు మాటకు మనం ఒక్క ముక్క జవాబు చెప్పగలమా?

మీరు మండలం కోసం ఏదైనా మొదలుపెట్టాలనుకుంటే స్టూడియో, రెండు మైకులు, రెండు గంటల ఇంటర్వ్యూ జోలికి పోకండి. అంగడి రోజున ఫోన్ పట్టుకుని పోయి, ఎడ్లు అమ్మేవాళ్ల పక్కన కూర్చోండి. స్క్రిప్టు రాసి ఇవ్వకండి.

ఆ క్యాసెట్ నా దగ్గరే ఉంది. పెద్దాయన పోయి చాలా ఏళ్లయింది. నిరుడు ఆయన మనవడు పుణె నుంచి ఫోన్ చేశాడు, అక్కడ బిల్డింగ్ పనిలో ఉన్నాడు. తాత గొంతు ఉందట కదా అన్నాడు. ఫోన్‌లోకి ఎక్కించి వాట్సాప్‌లో పంపాను. రాత్రి పదకొండుకు మళ్లీ ఫోన్: "సారూ, ఆ చాయ్ అడిగింది మా నాయిన."