నంబరులో ‘బ’ ఎక్కడిది?

ప్రశ్న: మా అబ్బాయి జర్మనీలో చదువుతున్నాడు. అక్కడ ఇంటి నంబరును ‘నుమ్మర్’ అంటారట. వాళ్లూ మనలాగే ఇంగ్లీషు నుంచి తీసుకుని ‘బ’ను మింగేశారా? ఇంకో అనుమానం. నంబరుకు పొట్టిగా ‘ఎన్, ఓ’ అని రాస్తాం. ఆ మాట స్పెల్లింగులో ‘ఓ’ లేనే లేదు కదా!
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: వాళ్లు మింగలేదమ్మా, అసలు మాటలోనే ‘బ’ లేదు. లాటిన్‌లో అది ‘నుమెరుస్’. ఫ్రెంచి నోళ్లలో నలిగి మధ్యలో ‘ఎ’ జారిపోయింది, ‘మ’ పక్కకు ‘ర’ వచ్చి పడింది. ఓసారి ‘మ్ర’ అని గబగబా అని చూడండి. పెదవులు విడిపోయేటప్పుడు ‘బ’ పిలవకుండానే దూరుతుంది. అలా తయారైన ఫ్రెంచి మాటను ఇంగ్లీషువాళ్లు తెచ్చుకున్నారు, వాళ్ల నుంచి మనకొచ్చింది. ఇది మన దగ్గరా ఉన్నదే. ‘ఆమ్రం’ మరాఠీలో ‘ఆంబా’ అయింది, ‘తామ్రం’ హిందీలో ‘తాంబా’ అయింది.

జర్మన్లు మాత్రం 16వ శతాబ్దంలో ఇటలీ వ్యాపారుల ‘నూమెరో’ను తీసుకున్నారు. అందుకే ‘బ’ లేదు. డచ్చి, స్వీడిష్, డేనిష్ భాషల్లోనూ లేదు. ఐస్‌లాండ్‌లో అయితే ‘నూమెర్’.

అయితే జర్మన్‌లో ఈ మాట అన్నిచోట్లా పనికిరాదు. ఆ సంగతి నాకు అక్కడ ఉద్యోగానికి వెళ్లిన తొలి నెలలోనే తెలిసొచ్చింది. ఇంటి ఓనరమ్మను ఫోన్ నంబరు అడగబోయి, డిక్షనరీలో చూసుకున్న ‘త్సాల్’ వాడాను. మన వీధిలో ఎవరినైనా ‘మీ డోరు సంఖ్య ఎంతండీ?’ అంటే ఎలా చూస్తారో ఆవిడా అలాగే చూసి, ‘నుమ్మర్’ అని దిద్దింది. లెక్కపెట్టే సంఖ్య త్సాల్, గుర్తుకోసం తగిలించేది నుమ్మర్, రాసే అంకె ‘త్సిఫర్’. ఇంగ్లీషు చాలాచోట్ల ఒక్క నంబరుతో సరిపెట్టేస్తుంది గానీ, సంఖ్య, నంబరు, అంకె అని విడదీసుకునే మనకు జర్మన్ పద్ధతే దగ్గర. త్సాల్‌కు ఇంగ్లీషులోనూ ఒక చుట్టం ఉంది. ‘టెల్’ అంటే ఒకప్పుడు లెక్కపెట్టడం. బ్యాంకులో నోట్లు లెక్కపెట్టే ‘టెల్లర్’ అక్కడివాడే. త్సిఫర్ అరబ్బీ ‘సిఫర్’ నుంచి వచ్చింది. ఆ సిఫర్ మన ‘శూన్యా’నికి అరబ్బులు చేసుకున్న అనువాదమే.

ఇక మీ ‘ఓ’ సంగతి. పొట్టి రూపం ఇంగ్లీషు మాటను కుదించి చేసింది కాదు. లాటిన్ ‘నుమెరో’లో మొదటి, చివరి అక్షరాలు. విభక్తి చేరిన రూపమది. ‘సంఖ్య ప్రకారం’ అన్నట్టు. జర్మన్లు తమ మాటలోంచి ‘ఎన్, ఆర్’ తీసి రాస్తారు.

మీవాడికి ఒక మాట చెప్పండి. నుమ్మర్‌లో ‘ఎం’ రెండుసార్లు రాయాలి. ‘నంబర్లు వేయడం’ అనే క్రియలో మాత్రం మా రోజుల్లో ఒకటే ఉండేది. 1996 స్పెల్లింగ్ సంస్కరణలో అక్కడా రెండు చేశారు. నా చెయ్యి ఇప్పటికీ ఒకటే రాస్తుంది.