ఆరో చాకు కొనే ముందు

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటో చూశాను. మంచం మీద తెల్ల తువ్వాలు పరిచి అయిదు మడత చాకులు వరసగా పెట్టావు. ఏది ఏ దేశంలో తయారైందో, ఎంతకు కొన్నావో అన్నీ రాశావు. వాటిలో ఒక్కటైనా దేన్ని కోసిందో మాత్రం రాయలేదు. ఫోటోను పెద్దది చేసి వాదరలు, అంటే పదునంచులు చూశాను. అయిదూ కంపెనీలో పెట్టిన మెరుపుతోనే ఉన్నాయి. నలభై ఏళ్లు మామిడికి, సపోటాకు అంట్లు కట్టి బతికినవాడిని, ఆ మెరుపు చూసి కొంచెం బాధ కలిగింది. ఆరోది ఏది కొనమంటావని అడిగావు. ఇప్పుడే ఏదీ కొనవద్దు. అయిదింటిలో ఒకటి తీసుకుని మిగతా నాలుగూ పెట్టెలో పెట్టు. ఆ ఒక్కటీ దసరా దాకా నీ జేబులో ఉండాలి. దానికి సాన నువ్వే పట్టాలి.

ఏది తీయాలో కూడా చెబుతాను. బీచ్ చెక్క పిడితో, మెడ దగ్గర ఇనుప ఉంగరంతో ఉన్న ఒపినెల్ తీసుకో. జోసెఫ్ ఒపినెల్ అనే అతను 1890లో ఫ్రాన్సులోని సవోయి కొండ ప్రాంతంలో చేసిన పల్లెటూరి చాకు అది. తెరిచిన అలుగు, అంటే కోసే రేకు, మూసుకోకుండా బిగించే ఆ ఉంగరం తరువాత 1955లో వచ్చింది. నీ దగ్గరున్నది ఎనిమిదో నంబరు, అంటే అలుగు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. పండు కోయడానికి, పురికొస తెంపడానికి, పెన్సిలు చెక్కడానికి అంతకు మించి అక్కరలేదు. తళతళలాడే స్టెయిన్‌లెస్ రకం కాకుండా కార్బన్ ఉక్కు రకం కొన్నావు. అది మంచి పని చేశావు. నేర్చుకునే చేతికి ఆ ఉక్కు ఇచ్చినంత జవాబు మరేదీ ఇవ్వదు.

అది మొదటి వారంలోనే నిన్ను భయపెడుతుంది. నిమ్మకాయ కోసిన అరగంటకు అలుగు మీద నీలి మచ్చలు పడతాయి. మామిడికాయ కోస్తే నల్లబడుతుంది. తోమవద్దు. బూడిద రంగు, నీలి రంగు ఉక్కుకు పట్టిన చర్మం లాంటివి. అవి ఉంటే ఎర్ర తుప్పు తొందరగా పట్టదు. ఎరుపు కనిపిస్తే మాత్రం ఆ రోజే నూనె గుడ్డతో రుద్ది తీసెయ్యాలి. కోసిన వెంటనే తడి తుడవడం, రాత్రి పడుకునే ముందు ఒకసారి చూసుకోవడం, ఈ రెండూ చాలు. కీలుకు కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేసి నాలుగుసార్లు తెరిచి మూసి, బయటికి వచ్చిన నల్లని మడ్డి తుడిచెయ్యి. అలుగు నోటికి పోయేవాటిని కోస్తుంది కాబట్టి దానికి కొబ్బరినూనె రాసుకోవచ్చు. కీలులోకి మాత్రం కొబ్బరినూనె పోనివ్వకు, చలికాలంలో అది లోపలే పేరుకుపోతుంది.

వానాకాలంలో ఇంకో చిక్కు వస్తుంది. మన వైపు చెమ్మకు చెక్క పిడి ఉబ్బి అలుగును గట్టిగా పట్టేసుకుంటుంది. గోరుతో పీకితే గోరు విరుగుతుంది, చాకు కదలదు. ఉంగరం గాడిని అలుగుకు ఎదురుగా తిప్పి, పిడి వెనక కొసను బల్ల అంచున ఒక్కసారి టక్కున తట్టు. అలుగు గోరంత బయటికి వస్తుంది. సవోయి వాళ్లు చేసేదీ అదే.

ఇక సాన సంగతి. మీ రాయగడ వీధుల్లో చక్రం తొక్కుతూ తిరిగే సానవాడికి మీ అమ్మ కత్తిపీట ఇస్తే తప్పు లేదు. నీ చాకు మాత్రం ఇవ్వకు. ఆ నిప్పురవ్వల వేడికి పలచని అలుగు కొస నీలంగా మారిందంటే అక్కడి పదును చచ్చినట్టే. మళ్లీ ఎంత నూరినా నిలవదు. గరుకు వెయ్యి నంబరున్న నీటి సానరాయి ఒకటి కొనుక్కో. పది నిమిషాలు నీళ్లలో నాననిచ్చి, కింద తడిగుడ్డ పరిచి పెట్టు. అలుగు వీపును రాయి మీద నుంచి రెండు మూడు రూపాయి బిళ్లలు దొంతర పెట్టినంత ఎత్తు లేపు. మొదటి రోజు నిజంగానే బిళ్లలు పెట్టి ఎత్తు చూసుకుని, తరువాత తీసెయ్యి. ఆ వాలు చివరి దాకా మారకూడదు, అసలు విద్యంతా అదే. పిడి దగ్గర మొదలుపెట్టి మొన దాకా, రాయి పైపొరను సన్నగా కోస్తున్నట్టు తొయ్యి. చేతి బరువు చాలు, నొక్కవద్దు. ఒకే వైపు పది పదిహేనుసార్లు అయ్యాక అవతలి వైపున బొటనవేలి కండను వాదర మీద నుంచి బయటికి, అడ్డంగా జరిపి చూడు. సన్నని గరుకు తగులుతుంది. ఆ గరుకు అలుగు పొడవునా తగిలేదాకా రెండో వైపు తిప్పవద్దు. చాలామందికి పదును రాకపోవడానికి కారణం, అది రాకముందే తిప్పేయడం. రెండో వైపు కూడా అంతే చేసి, తరువాత మార్చి మార్చి ఇంకా తేలికగా నూరి, చివరికి పాత తోలు బెల్టు లోపలి వైపున వాదర వెనక్కి వచ్చేలా పది లాగులు లాగు. పదును చూడటానికి పండిన టమాటా తీసుకో. అలుగు ఆనించి నొక్కకుండా లాగితే తోలు తెగాలి. మొదటిసారే తెగదు. నాకు అంటుకత్తి మీద చెయ్యి కుదరడానికి ఒక వానాకాలం పట్టింది. అంటుకత్తి వాదర ఒక్కవైపే వాలుగా ఉంటుంది, రెండో వైపు పలకలా చదును. అంటు కట్టే పుల్ల కోత, కింది మొక్క కోత ఒకదానికొకటి సందు లేకుండా ఆనాలంటే అలాగే ఉండాలి. కోత అలలు తిరిగితే అంటు పట్టదు. ఎన్ని ఎండిపోయాయో నాకు తెలుసు.

నీ మిగతా నాలుగింటిలో మూడింటికి తెరిచిన అలుగును బిగించే తాళం లేదు. వీపు వైపున్న స్ప్రింగు బలంతోనే అలుగు నిలబడుతుంది. తెరిచినప్పుడూ మూసినప్పుడూ టక్కుమని మంచి చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు ఎంత ఇష్టమైనా దాన్ని నమ్మి మొనతో పొడిచే పని చెయ్యవద్దు. నేను అలాంటి చాకుతోనే ఒక రంగు డబ్బా మూతను పొడిచి లేపబోయాను. అలుగు మూసుకుని చూపుడువేలి కణుపు మీద ఎముక దాకా దిగింది. మూడు కుట్లు పడ్డాయి. ఇప్పటికీ చలికి ఆ వేలు పూర్తిగా వంగదు. బరువంతా ఎప్పుడూ వాదర వైపే పడాలి. తిప్పడం, పొడవడం, మూత లేపడం చాకు పనులు కావు. పనసకాయ జోలికి కూడా పోవద్దు. కీలులోకి జిగురు దిగితే రెండు రోజులు నూనె, కిరోసిను పోసినా వదలదు.

జేబులో తాళాలతో, చిల్లరతో కలిపి వెయ్యకు. చిన్న గుడ్డసంచి కుట్టించుకో. తోలు ఒరలో కార్బన్ అలుగును నెలల తరబడి ఉంచవద్దు, తోలు లోపలి పులుపు ఉక్కును తినేస్తుంది. మా నాన్న తన చాకును తాళంచెవులతో పాటు మొలతాడుకు కట్టుకునేవాడు. పంచె కట్టినన్నాళ్లూ అది బాగానే నడిచింది. నువ్వు ఫ్యాంటు వేసుకుంటావు కాబట్టి ముందు జేబే మేలు. వెనక జేబులో పెట్టి మోటారుసైకిలు ఎక్కకు.

నలుగురిలో చాకు తీసేటప్పుడు నిదానంగా, రెండు చేతులతో, వాదర నీ వైపు ఉండేలా తెరువు. పని అయిన వెంటనే మూసెయ్యి. మన మాటలో చాకు అన్నా, నీ తోటి ఒడియా ఉద్యోగుల మాటలో ఛురి అన్నా, వినేవాడికి ముందు గుర్తొచ్చేది పండు కాదు. కొత్తవాళ్ల ముందు ఒక్కచేత్తో విదిలించి తెరవడం నాకు అసలు నచ్చదు. చట్టం ప్రకారం ఆయుధాల లెక్కలోకి వచ్చేది 9 అంగుళాలకన్నా పొడవు లేదా 2 అంగుళాలకన్నా వెడల్పు అలుగు ఉన్న కత్తి. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవి ఆ లెక్కలోకి రావు. నీది అందులో సగం కూడా లేదు. అలాగని కోర్టు గుమ్మం దగ్గరో, పరీక్ష హాలు దగ్గరో కాపలావాడితో ఆ లెక్క వాదించకు. అలాంటి చోటుకు, మజ్జిగౌరమ్మ గుడికి వెళ్లే రోజున ఇంట్లో పెట్టి వెళ్లు. విమానంలో చేతిసంచిలో అసలే పనికిరాదు. మీట నొక్కితే బయటికి దూకే రకాలు ఎవరైనా అమ్మజూపితే ముట్టుకోవద్దు. రాంపురి చాకు కూడా అంతే. పనితనం గొప్పదే, కానీ జేబులో పెట్టుకు తిరిగేది కాదు.

సేకరణ గురించి కూడా అడిగావు కదా. దసరా తరువాత ఇద్దరం కలిసి చూద్దాం. పాత సామాన్ల దగ్గర ఇంగ్లండులోని షెఫీల్డు ఊరి రాజర్స్ కంపెనీ చాకు అని చూపిస్తారు. నక్షత్రం, పక్కన మాల్టా శిలువ దాని గుర్తు. ఆ గుర్తుకు నకళ్లు లెక్కలేనన్ని వచ్చాయి, గుర్తు చూసి డబ్బు ఇవ్వవద్దు. అలుగు అరిగి సన్నబడిందా, పక్కకు ఊగుతుందా, వెలుతురుకు పట్టుకుంటే స్ప్రింగుకూ పిడి రేకుకూ మధ్య సందు కనిపిస్తుందా చూడు. తాబేటి చిప్పలా మెరిసే పాత సెల్యులాయిడు పిడి ఉన్నవాటిని మిగతావాటితో ఒకే పెట్టెలో పెట్టవద్దు. ఆ పదార్థం పాడయ్యేటప్పుడు వదిలే ఆవిరికి పక్కనున్న ఉక్కంతా తుప్పు పడుతుంది. నా దగ్గర రెండు మంచి చాకులు అలాగే పోయాయి.

నాకు అన్నిటికన్నా ప్రీతి మన ఊరి కొమ్ము పని. పిడి పగిలిపోయిన ఒక చాకుకు ఇక్కడి పనివాడి చేత గేదెకొమ్ము పిడి వేయించుకున్నాను. అతను కొమ్ము ముక్కను వేడిమీద చూపి మెత్తబడ్డాక పలకల మధ్య బిగించి తిన్నగా చేయడం పక్కనే కూర్చుని చూశాను. మెరుగు పెట్టాక నలుపులో తేనెరంగు చార ఒకటి బయటపడింది. ఎండలో పెడితే కొమ్ము చీలుతుంది, వదిలేస్తే పురుగు తింటుంది. నెలకొకసారి నూనె చేత్తో పట్టుకుంటే చాలు.

మీ వైపు విశ్వకర్మ పూజ సెప్టెంబరు 17న చేస్తారు కదా, ఆ రోజు మీ ఆఫీసులో పనిముట్ల పక్కన నీ ఒపినెల్‌ను కూడా పెట్టి బొట్టు పెట్టు. దసరాకు మళ్లీ ఇక్కడ ఆయుధపూజలో నా అంటుకత్తి పక్కన పెడదాం. వచ్చేటప్పుడు దాన్ని ఒక్కసారి కూడా కొత్తగా మెరిపించకు. మచ్చలతోనే తీసుకురా. సాన నేను నానబెట్టి ఉంచుతాను.

ఇట్లు
మీ మామయ్య